రాత్రి పదింటి రక్తం

"పోటు తగిలేలోపు ఎల్లాలండి. మీ పురుగు కోసం చేపలాగుతాయా అండీ?"

వల భుజాన వేసుకుంటూ ఆయన నవ్వాడు. యానాం దరియాలతిప్పలో రాత్రి తొమ్మిదిన్నర. ఎవరిదో అరుగు మీద నా స్లైడ్లు, సూదులు, స్పిరిట్ దూది. ఆయన వెనకే ఇంకో నలుగురు గౌతమి గట్టు దిగి చీకట్లో కలిసిపోయారు. రిజిస్టరులో వాళ్ళ పేర్ల ఎదురుగా 'లేరు' అని రాసుకున్నాను.

బోదకాలు సర్వేకి రాత్రిపూటే ఎందుకొస్తారని ప్రతి ఇంట్లోనూ అడిగేవాళ్ళు. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో కాపురముంటాయి. వాటి పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో నక్కి, రాత్రి పది దాటాక చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మురుగునీట పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టే వేళా అదే. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ ఈ పిల్లల్ని మనిషి రక్తంలో చూశాడు. తర్వాత అయిదేళ్ళకు చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ వాటిని దోమ కడుపులో పట్టుకున్నాడు. రాత్రి వేళల లెక్క తేల్చిందీ ఆయనే. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రుళ్ళు మేలుకోబెడితే, కొన్నాళ్ళకు పురుగు పిల్లలు కూడా పగటి డ్యూటీకి మారాయి. ఇదంతా చదివిన వాణ్ణే. అయినా రాత్రిళ్ళు ఏటి మీదుండే మనిషి పేరు పక్కన 'లేరు' అని గీకేశాను.

పని చూస్తే చిన్నదే. ఎడంచేతి ఉంగరం వేలు తుడిచి, పక్కగా సూది గుచ్చి, ఇరవై ఘనపు మిల్లీమీటర్ల రక్తం గాజు మీద మందంగా పరచాలి. వలతాళ్ళు లాగి కాయలు కాసిన వేళ్ళలో సూది మొదటి పోటుకి దిగదు. స్లైడు ఆరేదాకా కాపలా కాయాలి. ఓసారి ఏమరుపాటున బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి చీమలు ఓ వరస స్లైడ్లని శుభ్రంగా నాకేశాయి. ఆ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళి వేలు చాపమని అడగడం ఎంత సిగ్గో చెప్పలేను. ఆరిన స్లైడుని మంచినీళ్ళలో పెడితే ఎరుపంతా కుంకుమ నీళ్ళలా దిగిపోతుంది. తర్వాత జేఎస్‌బీ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. పావు మిల్లీమీటరు పొడుగు, మెత్తటి వంపు, చుట్టూ తొడుగు. పొట్టి దిండుకి పొడుగు గలేబు వేసినట్టుంటుంది. తోక కొస దాకా చుక్కలుంటే అది బ్రూగియా. కొస ఖాళీగా ఉంటే ఉకరేరియా బ్యాంక్రాఫ్టి. మన గోదారి జిల్లాల్ని పట్టి పీడించింది ఈ రెండోదే.

పురుగుని సూక్ష్మజీవుల లెక్కలో కలపకూడదని పాఠాలు చెప్పేవాళ్ళు గీత గీస్తారు. ఆ గీత మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఈ పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. అది లేకపోతే పురుగుకి పిల్లలు పుట్టవు. డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు వాడితే బ్యాక్టీరియా చచ్చి, పురుగు గొడ్రాలై, మెల్లగా తనూ పోతుంది. 1924లో హెర్టిగ్, వోల్బాక్ ఈ బ్యాక్టీరియాని మొదట చూసింది క్యూలెక్స్ దోమలోనే. యానాం ఫైళ్ళు వెళ్ళే పుదుచ్చేరిలోనే, వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు ఇదే వోల్బాకియాని డెంగీ దోమల్లోకి ఎక్కించారు, వైరస్ పెరగకుండా.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. ఆయన నడిపిన లెడర్లే పరిశోధనశాల నుంచి 1947లో బోదకాలు మందు డీఈసీ వచ్చింది. మరుసటేడు అక్కణ్ణుంచే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్లలో మొదటిది. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. పురుగు పిల్లల్ని చంపేదీ, పురుగులోని బ్యాక్టీరియాని చంపేవాటికి మొదటి అక్కా, రెండూ ఒకే గడప దాటి వచ్చాయన్నమాట. ఆయన మాత్రం ఆ 1948లోనే పోయాడు.

ఆ అరుగు యజమానురాలు ఓ మామ్మ. కాలు ఏనాడో వాచిపోయింది. "గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజొరం వచ్చేత్తాది బాబూ, మీ మాత్రలేసుకున్నా అంతే" అంది. పురుగు మళ్ళీ రేగిందనుకున్నాను. తప్పు. నీళ్ళలో నాని ఒరిసిన కాలివేళ్ళ సందుల్లోంచి దూరే మామూలు చర్మపు బ్యాక్టీరియా తెచ్చే జ్వరం అది. జ్వరం వచ్చినప్పుడల్లా కాలు ఇంకాస్త బరువెక్కుతుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో అద్దడం ఓ నర్సు నేర్పింది. మళ్ళీ వెళ్ళినప్పుడు మామ్మ కాలు చూపించలేదు, సబ్బు అయిపోయిందని చెప్పింది.

ఆ రెండోసారి అరుగు మీద కూచోలేదు. రాత్రి ఒంటిగంటకి పడవలు ఒడ్డుకి చేరే రేవులో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాను. "ఆయ్, పురుగు బాబుగారా!" అంటూ ఆయనే ముందు దిగాడు. పడవ చెక్క మీదే స్లైడు పెట్టి వేలు పట్టుకున్నాను. రెండుసార్లు తుడిచినా స్పిరిట్ దూదికి చేప పొలుసులు వస్తూనే ఉన్నాయి.