ఎర్ర అద్దం, నల్ల ఆకాశం

1927 ఏప్రిల్ 10. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో, హాఫ్ డోమ్ కొండకు ఎదురుగా ఉన్న రాతి అంచుకు చేరేసరికి ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ దగ్గర మిగిలినవి రెండే గాజు ప్లేట్లు. ఒకటి అలవాటు ప్రకారం పసుపు ఫిల్టర్‌తో తీశారు. తీశాక అనుమానం వచ్చింది. ఆకాశం బూడిద రంగులో తేలిపోతుంది, ఆ నిలువు కొండ చూసి తన గుండె ఝల్లుమన్న తీరు బొమ్మలోకి రాదు. ఆఖరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టర్ బిగించి, ఐదు సెకన్లు వెలుగు తగలనిచ్చారు. దాదాపు నల్లబడిన ఆకాశం ముందు తెల్లటి మంచు, రాతి గోడ లేచి నిలబడ్డాయి. ‘మోనోలిత్’ పేరుతో లోకమంతా ఎరిగిన ఫొటో అదే.

ఇందులో మాయేం లేదు. నలుపు తెలుపు ఫిల్మ్ రంగుల్ని వెలుగునీడలుగా మాత్రమే రాసుకుంటుంది. ఎర్ర మందారం, దాని ఆకు కంటికి ఎంత వేరుగా కనిపించినా ప్రింటులో ఒకే బూడిద ముద్దగా కలిసిపోవచ్చు. లెన్స్ ముందు బిగించే రంగు అద్దమైన ఫిల్టర్ తన రంగు వెలుగును లోపలికి వదిలి, ఎదుటి రంగును ఆపేస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెడితే పువ్వు తెల్లబడి ఆకు నల్లబడుతుంది. ఆకుపచ్చది పెడితే తారుమారు.

మనుషుల్ని తీసేటప్పుడు ఇది మరీ తెలుస్తుంది. ఎర్ర ఫిల్టర్‌తో మొటిమల మచ్చలు మాయమవుతాయి. బాగానే ఉంది, కానీ పెదవులు పాలిపోతాయి, నుదుటి కుంకుమ బొట్టు చెరిపేసినట్టవుతుంది. పెద్దావిడ ఫొటో అలా తీసి ఇస్తే ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా? అక్కడ ఆకుపచ్చ ఫిల్టర్ వాడాలి. బొట్టు నిండుగా వస్తుంది, పెదవుల గీత తేలుతుంది.

దీనికి మూల్యం వెలుగు. పసుపు దాదాపు ఒక స్టాప్ తింటుంది, ఎరుపు మూడు. ఒక్కో స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది. ఎరుపుతో 1/250 సెకను దగ్గర తీయాల్సిన బొమ్మ 1/30కి దిగుతుంది, చెయ్యి వణికితే అంతే సంగతులు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఎర్ర ఫిల్టర్ గుండా చూసి తప్పు చెప్పే అవకాశం ఉంది. ఫిల్టర్ లేకుండా కొలిచి, ఆ మూడు స్టాపులూ మనమే కలుపుకోవడం మేలు. మబ్బు కమ్మిన తెల్లటి ఆకాశాన్ని ఏ రంగు ఫిల్టరూ నల్లబరచలేదు, ఆపడానికి అక్కడ నీలమే లేదు కదా. ఎరుపు సోకని ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ మీద ఎర్ర ఫిల్టర్ పెట్టడం దండగ.

డిజిటల్‌లో ఈ పని ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు తీరిగ్గా చేసుకోవచ్చు. ఫిల్మ్‌లో బటన్ నొక్కకముందే తేల్చుకోవాలి. ఈ విద్యకున్న విలువంతా నా దృష్టిలో అక్కడే ఉంది. అలాగని ప్రతి ఆకాశాన్నీ ఉరుములు మెరుపులతో నింపే ఎర్ర ఫిల్టర్ మోజు నాకు నచ్చదు. నీలాకాశపు వెలుగే దిక్కైన నీడలు కూడా దాని కింద సిరా పోసినట్టు నల్లబడిపోతాయి. మొదటి ఫిల్టర్ కొనేవాళ్లు పసుపే కొనండి. కొనేముందు లెన్స్ అంచు మీద మిల్లీమీటర్లలో ఉండే 49, 52, 55 లాంటి అంకె చూసుకోండి. కొలత తప్పితే మర బిగుసుకోదు.