లారీలో పడక కొలత

కైకలూరు, ఆకివీడు వైపు ఐసు పరిచి చేపలు ఎక్కించిన లారీలు బెంగాల్ దాటి అసోం దాకా పోతాయి. ఐసు కరిగేలోగా చేరాలి కాబట్టి ఇద్దరు డ్రైవర్లుంటారు. ఒకరు స్టీరింగు పడితే ఇంకొకరు వెనక బెర్తు మీద నడుం వాలుస్తారు. ఒడిశాలో ఏ తెల్లవారుజామునో ఆ రెండో మనిషి చేతికి బండి వస్తుంది. అప్పటిదాకా అతనికి కంటినిండా నిద్ర పట్టిందా లేదా అన్నదాని మీదే ఎదురొచ్చే మన ప్రాణాలుంటాయి. అందుకే లారీలో పడకకు బ్రేకుతో సమానమైన విలువ ఇవ్వాలంటాను. బండి తయారు చేసేవాళ్లూ కొనేవాళ్లూ దాన్ని మిగిలిన జాగాలో సర్దుతున్నారు.

కారణం తెలిసిందే. ట్రెయిలరు కాని లారీ మొత్తం పొడవు 12 మీటర్లు దాటకూడదు. క్యాబిన్ ఒక అడుగు పెరిగితే తొట్టి ఒక అడుగు తగ్గుతుంది. కిరాయి వచ్చేది తొట్టికి. దాంతో సీట్ల వెనక ఓ రెండడుగుల వెడల్పున చెక్క, దాని మీద ఫోము, పైన రెగ్జిన్.

అలాంటి బెర్తు మీద పడుకుని చూశాను. కాళ్లు బారచాపితే మడమలు తలుపు రేకుకు తగిలాయి, మోకాళ్లు మడిస్తే సీటు వీపుకు తగిలాయి. కదిలే బండిలో మనిషి అడ్డంగా పడుకుంటాడు గనుక బ్రేకు కొట్టినప్పుడల్లా ముందుకు దొర్లుతాడు. ఆపడానికి కమ్మీ లేదు, పట్టీ లేదు. చెమటకి రెగ్జిన్ వీపుకు అతుక్కుని, పక్కకు తిరిగితే చర్మం ఊడొచ్చినట్టుంది. "తల ఎటు పెట్టుకుంటారు?" అని డ్రైవరును అడిగాను. "క్లీనరు సైడుకే సార్. ఇటు పెడితే ఎదురు బళ్ల లైట్లన్నీ కళ్లల్లోనే" అన్నాడు. కిటికీకి పాత లుంగీ కట్టుకున్నాడు. ఒక కర్టెన్ ఖరీదెంత?

విజయవాడ ఆటోనగర్‌లో ఛాసిస్ మీద చెక్క క్యాబిన్లు కట్టే రోజుల్లో డ్రైవరు పక్కన నిలబడి, దేవుడి పటానికి గూడు, తాళ్లకు అటక, పడుకోవడానికి పలక తనకు కావలసినట్టు చెప్పి చేయించుకునేవాడు. ప్రమాదం జరిగితే ఆ చెక్క నలిగిపోయేది, లోపలే ఉన్న ఇంజిన్ డబ్బా సెగలు కక్కేది. ఆ క్యాబిన్లు తిరిగి రావాలని నేను కోరను. కానీ వాడే మనిషి మాట కొలతల్లోకి చేరే దారి అప్పుడుండేది. కంపెనీ నుంచి తయారై దిగే క్యాబిన్‌లో అది మూసుకుపోయింది.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, స్థూల బరువు మూడున్నర టన్నులు దాటిన సరుకు బళ్లకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఆలస్యమైనా మంచి పని. అయితే మామూలుగా ఆ ఏసీ ఇంజిన్ తిరిగితేనే చల్లబరుస్తుంది. రాత్రి ధాబా దగ్గర ఇంజిన్ ఆపక తప్పదు. ఆపకపోతే తాగిన డీజిలు మైలేజీ లెక్కలో డ్రైవరు మెడకు చుట్టుకుంటుంది. అద్దాలు దించితే దోమలు. ధాబా మంచం మీద పడుకోవచ్చుగా అంటారా, డీజిల్ ట్యాంకుకూ స్టెపినీకీ కాపలా ఎవరు? మే నెలలో ఒంగోలు దగ్గర బండి ఆపి పడుకున్నవాడికి చట్టం ఇచ్చిన చల్లదనం అందదు. బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీలున్నాయి, పెట్టవచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే తలవైపు దోమతెర బిగించిన చిన్న కిటికీ, పైకప్పులో తెరుచుకునే మూత, ఒక ఫ్యాను. ఇవి కూడా లేని బళ్లే నేను ఎక్కువ చూశాను.

ఇక క్లీనరు సంగతి. బండి ఆగిన రాత్రి డ్రైవరు బెర్తెక్కితే ఆ కుర్రాడు సీట్ల మీద గేరు రాడ్డు చుట్టూ ముడుచుకుంటాడు, లేదంటే లోడు మీద తాటిపత్రిపైకి ఎక్కుతాడు. క్యాబిన్ ఎత్తు కొంచెం పెంచి పైన రెండో పలక వేస్తే తొట్టి పొడవు ఒక్క అంగుళం తగ్గదు. కొత్త బండికి అడ్వాన్సు ఇచ్చే ఓనర్లు ఆ పలక అడగాలి. డ్రైవరునూ షోరూముకు వెంటబెట్టుకెళ్లి, బెర్తు మీద ఓ పావుగంట పడుకోమనాలి.