అద్దెను చదివే చెయ్యి

ఇంటికి విలువ కట్టే మనిషి మొదట అడిగేది "పక్కది ఎంతకు పోయింది?" అని. ఆఫీసుల భవనం ముందు ఆ ప్రశ్న చాలదు. ఇది ఏడాదికి ఎంత తెస్తోంది, ఇంకెన్నాళ్లు తెస్తుంది అని కూడా అడగాలి. హైదరాబాదులో నాకు తెలిసిన ఒక సివిల్ ఇంజనీరు 15 ఏళ్లు హోమ్ లోన్ల కోసం ఫ్లాట్లకు, ఇళ్లకు విలువ కట్టి, తర్వాత ఈ రెండో ప్రశ్న వైపు వచ్చారు. ఆయన తయారుచేసిన ఒక నివేదికను ఈ మధ్య అక్షరం అక్షరం చదివాను. చదివిన కొద్దీ గౌరవం పెరిగింది.

చట్టం దృష్టిలో ఇళ్ల నుంచి ఆఫీసుల వైపు రావడం మార్పే కాదు. కంపెనీల చట్టం, 2013లోని 247వ సెక్షన్ కోసం 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇల్లయినా, మాల్ అయినా 'భూమి, భవనాలు' అనే ఒకే తరగతి. అమెరికాలో అన్ని రకాల ఆస్తులకూ విలువ కట్టే సర్టిఫైడ్ జనరల్ లైసెన్సు కావాలంటే 3,000 గంటల అనుభవం చూపాలి, అందులో కనీసం 1,500 గంటలు నివాసేతర ఆస్తుల మీద పనిచేసి ఉండాలి. మన దగ్గర ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టరు. చెయ్యి తిరిగిందో లేదో నివేదికే చెప్పాలి.

నేను చదివిన నివేదికలోని ఆఫీసు భవనం నాలుగు అంతస్తులది, మొత్తానికీ ఒకటే కంపెనీ అద్దెకుంది. అంకెలు గుండ్రం చేసి చెబుతాను. 10,000 చదరపు అడుగులు, అడుగుకు నెలకు 60 రూపాయలు, అంటే ఏడాదికి 72 లక్షలు. పన్ను, మరమ్మతులు, బీమా, ఖాళీగా ఉండే రోజుల కింద 9 లక్షలు తీసేస్తే 63 లక్షలు. 8 శాతం రాబడి చొప్పున విలువ 7 కోట్ల 87 లక్షలు. యజమాని ఈ లెక్క ముందే వేసుకుని కూర్చున్నారు.

మన వాల్యుయర్ లీజు డీడు నాలుగో పేజీలో ఆగారు. 60 రూపాయల్లో 10 రూపాయలు భవనం అద్దె కాదు. యజమాని చేయించిచ్చిన ఇంటీరియర్ ఖర్చు అది, ఐదేళ్లలో వసూలయ్యేలా అద్దెలో కలిపారు. రెండేళ్లు గడిచాయి. మూడేళ్లయ్యాక ఆ పది రూపాయలు ఉండవు. మూడేళ్లలో ఆగిపోయే డబ్బును ఎప్పటికీ వచ్చే డబ్బుగా లెక్కకడితే కాగితం మీద కోటికి పైగా గాలి చేరుతుంది. ఆయన దాన్ని విడదీసి, మిగిలిన మూడేళ్లకు నేటి విలువగా 30 లక్షలు విడిగా వేశారు. ఈ ఒక్క పనికే ఆయనకు దండం పెట్టాలనిపించింది.

కాగితాలతోనే ఆగలేదు. వాచ్‌మన్‌ను పలకరించారు. "పై అంతస్తు వాళ్లు రోజూ వస్తున్నారా తమ్ముడూ?"

"తాళం తీసి రెండు నెలలైంది సార్."

కరెంటు మీటరు చూస్తే అదే నిజమని తేలింది. అద్దె మాత్రం ఠంచనుగా వస్తోంది, ఎందుకంటే కంపెనీ మధ్యలో వదిలి వెళ్లడానికి వీల్లేని లాక్-ఇన్ గడువు ఇంకా మూడేళ్లుంది. అది తీరాక కంపెనీ మళ్లీ సంతకం పెడుతుందన్న ధీమా తగ్గింది కాబట్టి 8 శాతాన్ని 8.5 చేశారు. చేసి ఊరుకోలేదు, ఎందుకు చేశారో ఒక పేరా రాశారు. భవనం అద్దె 60 లక్షల్లో ఖర్చులు పోగా 51 లక్షలు, 8.5 శాతం చొప్పున 6 కోట్లు. ఇంటీరియర్ బాపతు కలిపితే 6 కోట్ల 30 లక్షలు.

అద్దె నుంచి విలువ లాగడం మనకు కొత్తేమీ కాదు. పాత సంపద పన్ను చట్టం మూడో షెడ్యూలు సొంత స్థలంలోని భవనానికి నికర అద్దెను 12.5తో హెచ్చవేయమనేది. అది 8 శాతంతో భాగించడమే. కానీ అక్కడ అలాంటి భవనాలన్నిటికీ ఒకటే గుణకం. ఇక్కడ ఏ శాతం పెట్టాలో వాల్యుయరే తేల్చుకోవాలి, దానికి సాక్ష్యమూ తనే చూపాలి. నా దృష్టిలో పనితనమంతా అక్కడే ఉంది.

ఇళ్ల దగ్గర నేర్చింది వృథా పోలేదు. మంజూరైన ప్లాను ఒకటి, కట్టింది ఇంకొకటి కావడం ఆయన వందల ఇళ్లలో చూశారు. ఆ అలవాటుతోనే సెల్లార్‌లోకి దిగారు. ప్లానులో పార్కింగ్, అక్కడ మాత్రం షట్టర్ బిగించిన గోడౌన్. దాని అద్దెకు వేరే రసీదులున్నాయి. ఒక్క రూపాయి కూడా లెక్కలో కలపలేదు. లేజర్ మీటరుతో ప్రతి గదీ కొలిస్తే 10,000 అడుగుల్లో కార్పెట్ ఏరియా 6,900 అడుగులే. పక్క భవనాల అద్దెలతో పోల్చేటప్పుడు ఈ అడుగుల మీదే పోల్చారు.

ఇళ్ల విలువలు కడుతూ ఇటు రావాలనుకునే కుర్ర ఇంజనీర్లకు నా మనవి ఒకటే. సూత్రాల పుస్తకం తెరవకముందు ఒక నిజమైన లీజు డీడు సంపాదించండి. మొదటి పేజీ నుంచి చివరి షెడ్యూలు దాకా, చేతిలో పెన్సిలు పట్టుకుని చదవండి.