ఆ పిల్ల రేపు పొద్దున

1953 జూన్‌లో వచ్చిన ‘దేవదాసు’ వెనక ఉన్నవాళ్ళ ఊళ్ళు ఒకసారి వరసగా చెప్పుకుని చూడండి. అక్కినేనిది గుడివాడ దగ్గర రామాపురం. ఆయన పెదవుల మీద పలికిన ఘంటసాల గొంతు పుట్టింది చౌటపల్లిలో. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. పాటలు రాసిన సముద్రాల సీనియర్‌ది రేపల్లె పక్కన పెదపులివర్రు. శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగు ఇళ్ళలోకి తెచ్చిన చక్రపాణిది తెనాలి. పార్వతి వేషం కట్టిన సావిత్రి పుట్టింది చిర్రావూరులో, పెరిగింది మా బెజవాడలో. కథ బెంగాల్‌ది, చిత్రీకరణ మద్రాసుది. మనుషులు మాత్రం కృష్ణకి అటు గట్టువాళ్ళూ ఇటు గట్టువాళ్ళూ. కాలవ నీళ్ళతో మూడు కాలాలూ పచ్చగా ఉండే ఈ నేల తెలుగువాళ్ళకి అన్నిటికన్నా దిగులైన ప్రేమకథని ఇచ్చిందన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మా గుణదల ఇంట్లో ఈ సినిమా మీద ఆఖరి మాట మా పెద్దమ్మది. అందరూ దేవదాసు కోసం కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ దిగులు ఇంకో దిక్కున ఉండేది. “వాడు పోయాడు, వాడి బాధ తీరింది. ఆ పిల్ల రేపు పొద్దున లేచి ఆ ఇంట్లో ఎట్టా తిరుగుద్దిరా?” అనేది. సినిమాల గురించి ఇన్నేళ్ళుగా రాస్తూ, చదువుతూ ఉన్నాను. ఆ ప్రశ్నని మించిన విమర్శ నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

నిజానికి ‘దేవదాసు’ పార్వతి సినిమా. దేవదాసుకి తాగడానికి సీసా ఉంది, తిరగడానికి రైలుంది, ఓదార్చడానికి చంద్రముఖి ఉంది. పార్వతికి ఒక పెద్ద లోగిలి, తన వయసుకి మించిన భర్త, అతని మొదటి భార్య పిల్లలు. ఆ జమీందారు దుర్మార్గుడైనా బావుండు, అసహ్యించుకుని బతకవచ్చు. అతను మర్యాదస్థుడు. ఆమె ఆ ఇంటిని అందరూ మెచ్చేట్టు నడిపిస్తుంది. ఇరవై ఏళ్ళయినా నిండని సావిత్రి ఆ భాగాన్ని మోసిన తీరు చూడాలి. చేతుల్లో ఇంటి పెత్తనం, కళ్ళలో ఇంకో ఊరు. ఏడుపు సీన్లలో గొప్పగా చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏడవకుండా పని చేసుకుంటున్న మనిషిలో దుఃఖాన్ని చూపించడం వేరే విద్య.

ఈ విద్యలో ఆరితేరినవాళ్ళు నాకు చాలా ఏళ్ళ తర్వాత హాంకాంగ్ సినిమాల్లో కనిపించారు. కాంటనీస్ ఒక్క ముక్క రాదు, కింద పడే అక్షరాలే దిక్కు. అయినా వాంగ్ కార్‌వై తీసిన ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ చూస్తుంటే పెద్దమ్మ మాటే చెవిలో మోగింది. 2000లో వచ్చిన సినిమా, 1962 నాటి హాంకాంగ్ కథ. పక్క పక్క వాటాల్లో రెండు సంసారాలు. ఈమె భర్తకీ అతని భార్యకీ సంబంధం ఉందని ఇద్దరికీ తెలుస్తుంది. ఆ దెబ్బ తిన్న ఇద్దరూ దగ్గరవుతారు, కానీ మనం వాళ్ళలా కాకూడదనుకుంటారు. ఇరుగుపొరుగు కళ్ళు, ఇరుకు మెట్లు, సాయంత్రం క్యారియర్ పట్టుకుని నూడుల్స్ కోసం వెళ్ళడం. అంతే కథ. అందులో ఒక సీన్ ఉంది. విడిపోక తప్పదని తెలిశాక విడిపోవడాన్ని ముందుగా రిహార్సల్ వేసుకుంటారు. అతను చెయ్యి వదిలి నడిచి వెళ్తాడు. ఉత్తి అభ్యాసమే అనుకున్నది తట్టుకోలేక ఆమె భోరుమంటుంది. మ్యాగీ చెంగ్ అప్పటిదాకా మెడ నిటారుగా పెట్టుకుని నడిచిన నడకంతా ఆ ఒక్క ఏడుపు కోసమే దాచిపెట్టినట్టుంటుంది. టోనీ లియాంగ్‌కి ఆ ఏడు కాన్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. నా మటుకు నేను ఆ సినిమా మ్యాగీదే అంటాను.

ఆ ఊరి సినిమాల్లో ఎడబాటుకి ఇంకో కారణం కూడా ఉంది. 1997లో హాంకాంగ్‌ని చైనాకి అప్పగించాలని 1984లో బ్రిటన్, చైనా ఒప్పందం రాసుకున్నాక ఆ సంవత్సరం హాంకాంగ్‌లో ప్రతి ఇంటి గోడ మీదా ఉంది. ఉండాలా, వెళ్ళాలా, ఎవరితో వెళ్ళాలి? పీటర్ చాన్ 1996లో తీసిన ‘కామ్రేడ్స్: ఆల్మోస్ట్ ఎ లవ్ స్టోరీ’ ఆ ప్రశ్నలోంచే పుట్టింది. చైనా నుంచి పొట్ట చేతబట్టుకుని హాంకాంగ్ వచ్చిన ఇద్దరు, తెరెసా తెంగ్ పాటల మీద ఇష్టం, అతని కోసం ఊళ్ళో ఎదురు చూస్తున్న పెళ్ళికూతురు. చివరికి ఎక్కడో న్యూయార్కులో, తెరెసా చనిపోయిందన్న వార్త టీవీలో వస్తున్న దుకాణం ముందు ఇద్దరూ ఎదురుపడతారు. ఆ గాయని 1995లో నిజంగానే పోయింది. అందరూ కోల్పోయిన ఒక గొంతుని ఆ ఇద్దరినీ కలపడానికి వాడుకున్నాడు చూడండి, అక్కడ నేను దర్శకుడికి దణ్ణం పెట్టాను. ఈ రెండు సినిమాల్లోనూ ప్రేమని చెడగొట్టిన విలన్ లేడు. బతుకుతెరువు ఉంది, మాట పోతుందన్న భయం ఉంది, సమయానికి రాని ధైర్యం ఉంది.

మన దగ్గర ఇలాంటి ఓర్పు లేదని అనను. 1983లో విశ్వనాథ్ ‘సాగర సంగమం’లో అది నిండుగా ఉంది. పాటలు రాసిన వేటూరిదీ కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లే. తాగి, వానలో, బావి గట్టు మీద నాట్యం చేస్తున్న బాలుని ఆపడానికి మాధవి వస్తుంది. ఆమె భర్త పోయాడు. ఆ సంగతి బాలుకి తెలియకూడదని బొట్టు పెట్టుకుని వస్తుంది. వానకి ఆ బొట్టు చెరిగిపోతుందేమోనని అతను చెయ్యి అడ్డం పెడతాడు. ఆమె అతని కోసం అబద్ధం పెట్టుకుంది, అతను ఆమె కోసం ఆ అబద్ధాన్ని కాపాడుతున్నాడు. మాట లేదు, కౌగిలి లేదు. కమల్ హాసన్ అరచెయ్యి, జయప్రద నుదురు. వాంగ్ కార్‌వై సినిమా అంతా నడిచే దారి మనవాడు ఆ ఒక్క షాటులో నడిచేశాడు. కథ చివర బాలు చనిపోతాడన్నది నిజమే. కానీ ఆ సినిమా తలుచుకున్నవాళ్ళెవరూ ముందు చావుని తలుచుకోరు.

మనకి తరచు అడ్డం పడేది ఆ చావే. బాలచందర్ ‘మరో చరిత్ర’ 1978లో ఊళ్ళకి ఊళ్ళని ఏడిపించింది, చివర ఇద్దరినీ చంపింది. చంపితే ప్రేక్షకుడికి భారం దిగిపోతుంది, ఏడ్చి ఇంటికి వెళ్ళిపోతాడు. కలిపితే అసలు భారమే ఉండదు. కలవకుండా, చావకుండా మిగిలినవాళ్ళే మనతోపాటు హాలు బయటికి నడిచి వస్తారు, కూరగాయలు కొంటున్నప్పుడూ గుర్తొస్తారు. అందుకే చేదు సినిమా చూసినప్పుడు నేను వెంటనే ఇంకొకటి పెట్టను. ఆ రాత్రికి దాన్ని అలా ఉండనిస్తాను, మర్నాడు వాళ్ళేం చేసి ఉంటారో ఊహించుకుంటాను.

మా గుణదల నుంచి గన్నవరం విమానాశ్రయం ఎంతో దూరం లేదు. ఉండాలా, వెళ్ళాలా అని ఒకప్పుడు హాంకాంగ్ కుర్రకారు ఏ ప్రశ్నతో కొట్టుమిట్టాడారో ఇప్పుడు మా డెల్టా కుర్రకారు దానితోనే సూట్‌కేసులు సర్దుకుంటున్నారు. వీసా వచ్చిన అబ్బాయి, రాని అమ్మాయి, లేదా అమ్మాయి వెళ్ళి అబ్బాయి నాన్న పొలం కోసం ఆగిపోవడం. ఏ పక్కా తప్పు లేదు. కాలేజీ బస్సుల్లో, మేరీమాత కొండ మెట్ల దగ్గర, ఏలూరు రోడ్డు టీ కొట్ల దగ్గర ఈ కథలు కావలసినన్ని ఉన్నాయి. మన తెర మీద మాత్రం ఎవరో ఒకరు ఆఖరి నిమిషంలో విమానాశ్రయానికి పరిగెత్తుకొస్తారు.

ఈ కథ రాయబోయే కుర్రవాళ్ళు మా వైపు ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ళకి నాదొక్కటే మనవి. ఆ అబ్బాయిని విమానం ఎక్కనివ్వండి. ఆ అమ్మాయిని చంపకండి, వెంట పంపించకండి. రేపు పొద్దున ఆమె ఇంట్లో ఎట్టా తిరుగుద్దో అది తీయండి.