పొరుగు కాష్‌ల ముచ్చట

ఇబ్రహీంపట్నం దారిలో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటిలో ఒకదాని ల్యాబులో ఈ వారం చూసిన తంతు నాకింకా మంటగానే ఉంది. గది నిండా ఉబుంటు కంప్యూటర్లు. అన్నిటికీ ఒకే అప్‌డేట్. ఒక్కొక్కటీ విడివిడిగా బయటి సర్వరుకు పోయి అదే సరుకు మోసుకొస్తోంది. మధ్యాహ్నానికి నెట్ చతికిలపడింది. పక్క మెషీన్లో ఉన్నదాని కోసం అంతదూరం పోవడమేంటి?

ఇక ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ప్రస్తావన వస్తుందని ఈ కాలమ్ చదివేవాళ్ళు ఊహించే ఉంటారు. తప్పదు మరి. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మత్తడి దుంకితే కిందిదానికి నీళ్ళు. 1990లలో వెబ్ కాష్‌లు, అంటే ఒకసారి తెచ్చిన పేజీని దాచి మళ్ళీ ఇచ్చే సర్వర్లు, కట్టినవాళ్ళూ దాదాపు అట్లాగే ఆలోచించారు. అమెరికాలో హార్వెస్ట్ ప్రాజెక్టు నుంచి పుట్టిన కాష్ సాఫ్ట్‌వేర్ స్క్విడ్ 1996లో వచ్చింది. కాష్‌లు ఒకదాన్నొకటి పలకరించుకునే ఐసీపీ పద్ధతి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2186గా వెలువడింది. అడిగిన పేజీ తన దగ్గర లేకపోతే స్క్విడ్ ఇరుగుపొరుగు కాష్‌లన్నిటికీ 3130 పోర్టు మీద చిన్న కబురు పంపుతుంది: ఈ చిరునామా పేజీ నీ దగ్గరుందా? ముందుగా ఉందన్నదాని దగ్గర్నుంచి తెచ్చుకుంటుంది. తోబుట్టువు వరస కాష్ ఉన్నదే ఇస్తుంది. పేరెంట్ వరసదైతే లేనిదాన్నీ బయటి నుంచి తెచ్చిపెడుతుంది. ఎవరైనా పలక్కపోతే గరిష్ఠంగా రెండు సెకన్లు ఎదురుచూపు.

నేను ల్యాబులు చూసిన రోజుల్లో సన్నటి లీజు లైను, దాని మీద వందలమంది పిల్లలు. రెండు భవనాల స్క్విడ్‌లను తోబుట్టువులుగా కలిపాం. బాగానే నడిచింది, పరీక్షా ఫలితాల రోజు దాకా. ల్యాబులో పేజీ తెరిస్తే ‘ఇంకా వెలువడలేదు’. బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటర్లో మాత్రం మార్కులు కనబడుతున్నాయి. ఐసీపీ కబురులో చిరునామా ఒక్కటే పోతుంది, పేజీ ఎంత తాజాగా ఉండాలో చెప్పే హెడర్లు పోవు. పొద్దున దాచిన పాత పేజీకే పక్క భవనం ‘ఉంది’ అని జవాబిచ్చేది. తిట్లు నాకు పడ్డాయి.

తర్వాత పేజీకి తాళమేసి పంపే హెచ్‌టీటీపీఎస్ వచ్చి ఈ చుట్టరికాన్ని తెంచింది. తాళం పడిన పేజీని మధ్యలో ఎవరు దాచినా ఇంకొకరికి పనికిరాదు. ఏళ్ళపాటు దాన్ని ఆడిపోసుకున్నాను. ఈ వారం కూడా అదే రాయాలని కూర్చున్నాను. కానీ స్క్విడ్ లాగ్ ఫైలు గుర్తొచ్చింది. ఏ మెషీన్ ఏ పేజీని ఎప్పుడు అడిగిందో అందులో వరసగా ఉండేది. ఏ అమ్మాయి ఏ జబ్బు గురించి చదివిందో కూడా మాబోటివాళ్ళకు తెలిసిపోయేది. చెరువు నీళ్ళ మీద ఎవరి పేరూ ఉండదు, వెబ్ పేజీ సంగతి అట్లా కాదు. ఇప్పుడు సైటు పేరు దాటి కనబడదు. తాళం పడటమే మంచిదైంది.

ఉబుంటు ప్యాకేజీల లెక్క వేరు. వాటిలో దాపరికం లేదు. జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది, మధ్యలో ఎవరు మార్చినా ప్యాకేజీలు తెచ్చే ఏపీటీ పట్టేస్తుంది. అందుకే మామూలు హెచ్‌టీటీపీలో తెచ్చుకున్నా భయం లేదు, అందరికీ ఒకే కాపీ సరిపోతుంది. ఆ కాపీని దాచి అందరికీ పంచే ఏపీటీ-కాషర్-ఎన్‌జీ ఉచితం, మూలన పడ్డ పాత కంప్యూటరు చాలు. ల్యాబు ఇన్‌ఛార్జిలూ, వచ్చే సెమిస్టర్ లోపు ఒకటి పెట్టండి. పాత స్క్విడ్ లాగులు ఇంకా మిగిలి ఉంటే ముందు వాటిని చెరిపేయండి.