అడుగంటిన అన్నము

మన యిండ్లలో అన్నమడుగంటినచో, ఆ సంగతి పైకి పొక్కనీయక, గిన్నెలో నీళ్లు పోసి మూలకు నెట్టుట యాచారము (పిల్లలు గోకి తిను మాడుచెక్క మాట వేరు). అట్టి మాడును పళ్లెరములోనికి బోర్లించి, అతిథుల నడుమ నుంచగా, తమకొక ముక్క తక్కువైనదని పెద్దవారు సైతము చిన్నబుచ్చుకొను దేశమొకటి కలదని తొలుత విన్నప్పుడు నాకు నమ్మకము కలుగలేదు. ఆ దేశము ఇరాను. ఆ పదార్థము తహ్‌దీగ్. 'తహ్' యనగా అడుగు, 'దీగ్' యనగా వంటపాత్ర. మన డేగిసా దానికి దాయాదియే.

చదువు నిమిత్తమై హైదరాబాదు వచ్చి, మా మేడమీది వాటాలో రెండేండ్లు కాపురమున్న ఇరానీ దంపతులలో ఇల్లాలు నాకీ విద్య చూపెను. బియ్యమును ఉప్పునీట నానబెట్టి, నిండు యెసట నుడికించి, మెతుకు నడుమ పలుకుండగనే వార్చి, వేరొక పాత్ర యడుగున నెయ్యి కాచి, పెరుగును కుంకుమపువ్వు నీటిని కలిపిన కొంత యన్నమును దానిపై పరచి, తక్కినదానిని రాసివలె పోసి, గరిటెకాడతో అక్కడక్కడ పొడిచి, ఆవిరినీరు తిరిగి అన్నముపై జారకుండ మూతకు గుడ్డ చుట్టి, సన్నసెగపై ముప్పావుగంట యుంచును. దీనినే వారు 'దమ్' అందురు. మన బిరియానీ దమ్మును అదియే. పాకము కుదిరినదో లేదో గడియారము చెప్పదట. తడివ్రేలితో పాత్ర ప్రక్కను తాకినచో చుర్రుమనవలెను. నా మొదటి ప్రయత్నము బొగ్గైనది. రెండవది బంగారువన్నె కెక్కినదే కాని గిన్నెను విడువలేదు. ఆమె నవ్వి, గిన్నెను చన్నీళ్లలో కొంచెముసేపు నిలిపి బోర్లించగా, బండిచక్రమువలె గుండ్రముగ ఊడివచ్చినది.

ఇరానంతట ఒకే వంట యనుకొనుట పొరపాటు. కాస్పియన్ తీరమున, వానలకును వరిచేలకును పేరొందిన గీలాన్‌లో, నిత్యమును గంజి వార్చరు. అత్తెసరు పెట్టుదురు, దానిని 'కతే' యందురు. వంకాయను కాల్చి వెల్లుల్లి, టమాటా, గ్రుడ్లతో వేయించు మీర్జా ఘాసెమీ అచ్చటిదే; కాల్చిన వంకాయ పచ్చడి నెరిగిన నాలుకకు అది బొత్తిగ క్రొత్త కాదు. అక్రోటుపొడిని దానిమ్మరసముతో గంటలకొలది ఉడికించు ఫెసెంజాన్‌ను ఎల్లరును పొగడుదురు. నాకది తీపి యెక్కువ. కొత్తిమీర, మెంతికూర, వెల్లుల్లి, చింతపండులతో దక్షిణాన బూషెహ్ర్ వారు కాచు చేపలపులుసు, 'ఘలియే మాహీ', నన్ను పూర్తిగ లోబరచుకొన్నది. చింతపండును వారు 'తమ్రె హిందీ' యందురు, అనగా హిందూదేశపు ఖర్జూరము. ఇక ఇస్ఫహాన్ 'బెర్యానీ' పేరు విని యాశపడు తెలుగువాడు జాగ్రత్తపడవలెను: అది రొట్టెపై పరచిన గొఱ్ఱెమాంసపు ఖీమాయే కాని, అందులో ఒక్క మెతుకైన నుండదు.

ఆ దంపతులు స్వదేశమునకు వెడలిరి. నేనిప్పటికిని నెలకొకసారి తహ్‌దీగ్ పెట్టుచుందును; మూడింట ఒకటి మాడును, ఆ గిన్నెలో నీళ్లు పోసి మూలకు నెట్టుదును.