డబ్బు ప్రజలది, షరతు ఎవరిది?

వైద్య వ్యవస్థల్ని పోల్చేటప్పుడు మన పాఠ్యపుస్తకాలు ఒక పట్టిక గీస్తాయి. 1948లో మొదలై పన్నుల డబ్బుతో నడిచే బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ ప్రభుత్వ నమూనా. అమెరికా ప్రైవేటు నమూనా. 1883లో బిస్మార్క్ కార్మికులకు పెట్టిన బీమా నుంచి ఎదిగిన జర్మనీ మిశ్రమ నమూనా. ఖర్చెంత, ఎందరికి అందింది, ఎన్నేళ్లు బతుకుతున్నారు అనే గడులు నింపి ఏది మేలో తేలుస్తారు. ఈ లెక్కలు అక్కర్లేదని మేమనం. అయితే గుమ్మం దగ్గర ఎవర్ని ఆపుతారు, ఎవరి చెయ్యి పట్టి నాడి చూడ్డానికి వెనకాడతారు, లోపల వైద్యం చేసేదెవరు, ఊడ్చేదెవరు? ఈ గడి ఆ పట్టికలో ఎక్కడా లేదు.

ఆ గడి విలువేంటో అమెరికా నల్లజాతి చరిత్రలో చూడొచ్చు. అక్కడ ఆస్పత్రులు కట్టడానికి కేంద్రం డబ్బిచ్చే హిల్-బర్టన్ చట్టం 1946లో వచ్చింది. నల్లవాళ్లకు విడిగా ఏర్పాట్లు చేస్తే చాలని అదే చట్టం ఒప్పుకుంది. అంటే వెలివాడను ప్రజల డబ్బుతోనే కట్టారు. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నల్లజాతి డాక్టర్లు, దంతవైద్యులు, రోగులు కోర్టుకెక్కి 1963లో గెలిచారు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో వృద్ధుల కోసం మెడికేర్ వచ్చాయి. వివక్ష మానని ఆస్పత్రికి మెడికేర్ డబ్బు రాదన్నారు. తనిఖీలకు మనుషుల్ని పంపారు. అక్కడ పనిచేసే నల్లవాళ్లే లోపలి గుట్టు విప్పారు. 1966లో కొద్ది నెలల్లోనే దాదాపు వెయ్యి ఆస్పత్రులు దారికొచ్చాయి. వాటి యజమానులు మారలేదు. డబ్బు వెంట షరతొచ్చింది, అంతే. ఆ షరతును డాక్టర్ల సొంత క్లినిక్కులకు పెట్టలేదు. అక్కడ పాత తీరే సాగింది.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. డబ్బు కట్టలేడని ఎవరికీ వైద్యం ఆగకూడదని 1946లో భోర్ కమిటీ చెప్పింది. డబ్బు అడ్డు తొలిగితే సరిపోతుందా? కాఠియావాడ్‌లో బాలింత అయిన ఒక దళిత ఉపాధ్యాయుని భార్యను డాక్టరు ముట్టుకోకుండా, థర్మామీటరు ఇంకొకరి చేత ఇప్పించిన వైనం అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో నమోదు చేశారు. అంటరానితనం పేరుతో ఆస్పత్రిలోకి రానివ్వకపోవడం 1955 చట్టం ప్రకారం నేరం. లోపలికి రానిచ్చాక ఎలా చూస్తారో అడిగేవాళ్లు లేరు.

2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కలేని మనవాళ్లు గుండె ఆపరేషన్లు చేయించుకున్నారు. దాన్ని మేము చిన్నబుచ్చం. అయితే ఆస్పత్రుల్ని పథకంలో చేర్చుకునేటప్పుడు మంచాలెన్ని, నిపుణులెవరని చూసిన సర్కారు, మా డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి ఉద్యోగాల్లో రిజర్వేషన్ పాటించండని అడగలేదు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా అడగలేదు. పైగా జ్వరానికీ టీబీకీ వాడ దిక్కు ఇప్పటికీ ఊరి పక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో జనం జేబునుంచి పోయేది 2013-14లో 64 అయితే 2021-22లో 39 అని ప్రభుత్వ లెక్కే చెప్తోంది. తగ్గిన మాట నిజమే. కూలివాడికి ఆ 39 ఎక్కడ్నుంచి రావాలి?

అంతా ప్రభుత్వమే నడిపితే సరిపోతుందనే వామపక్ష మిత్రుల మాట కూడా సగమే నిజం. సర్కారు దవాఖానలో రిజర్వేషన్ ఉంది గనకే దళిత డాక్టరు, దళిత నర్సు కనబడుతున్నారు. అదే దవాఖానలో ఊడ్చే పనిని కాంట్రాక్టుకిచ్చి, తరాలుగా ఆ పనిచేస్తున్న కులాలకు పర్మినెంటు ఉద్యోగం లేకుండా చేశారు. యజమాని ప్రభుత్వమైనంత మాత్రాన కులం బయటికి పోదు.

కాబట్టి ప్రభుత్వమా, ప్రైవేటా, మిశ్రమమా అని ఎవరైనా అడిగితే మేము మూడు ప్రశ్నలు ఎదురడుగుతాం. ప్రజల డబ్బు తీసుకునే ప్రతి ఆస్పత్రీ రిజర్వేషన్ పాటిస్తుందా? వివక్ష చూపితే ఆ డబ్బు ఆగుతుందా? తనిఖీ చేసేవాళ్లలో వాడ మనుషులుంటారా? ఈ మూడింటికీ జవాబు లేని ఏ నమూనా అయినా మనల్ని గుమ్మం బయటే నిలబెడుతుంది.